డొంకకు పట్టిన పురుగు

అచ్చంపేట
1949 జనవరి 20

గుర్వమ్మ అక్కకు దండం పెట్టి తమ్ముడు ఐలేశం రాసేది.

నీకు చదివి వినిపించేది అండాలమ్మే కాబట్టి ఆమెకు కూడా ఒక దండం. మాట్లాడినట్టు రాస్తే ఉత్తరం ఊరు దాటేసరికి అర్థం కాదని, పుస్తకంలో ఉన్నట్టు రాయాలని బావ నాకు తెలుగు అక్షరాలు దిద్దించినప్పుడు చెప్పాడు. అందుకే ఇట్లా రాస్తున్నాను. ఇద్దరూ నవ్వకండి.

నాకు పని దొరికింది. ఉర్దూ బడి నాలుగో తరగతిలో వదిలాను, హైదరాబాదు హోటల్లో కప్పులు కడగడం మూడు నెలలకు వదిలాను, బస్సు మీద క్లీనరు పని నెలన్నరకే వదిలాను. ఇది మాత్రం నాలుగో నెల. పాలమూరు, నల్లగొండ జిల్లాలకు కలిపి ఒక కలుపు నివారణ సంఘం ఉంది. సంఘం అన్నానని భయపడకు, మిల్ట్రీ వెతికేది ఇది కాదు. వ్యవసాయ శాఖ వాళ్లు, కొందరు పెద్ద రైతులు కలిసి పెట్టుకున్నది. తుంగ ఎట్లా చావాలి, గరిక ఎట్లా చావాలి అని మూడు నెలలకోసారి కూర్చుని కొట్లాడుకుంటారు. కార్యదర్శి అనంతయ్య పంతులు. ముసలాయన, వ్యవసాయ శాఖలో నౌకరి చేసి దిగిపోయాడు. మొక్కల పేర్లు ఎన్నడూ మరిచిపోడు. మనుషుల పేర్లు మాత్రం గుర్తుండవు. నన్ను ఇప్పటికీ పోచయ్యా అనే పిలుస్తాడు.

నా పని నాగజెముడును చంపడం. గొడ్డలితో నరికితే ప్రతి ముక్కా మళ్లీ మొలుస్తుంది. దానికొక పురుగు ఉంది. తెల్లగా దూదిపింజలా దాని ముండ్ల మట్టకు అంటుకుని రసం తాగుతుంది. మట్ట పసుపురంగుకు తిరిగి, మెత్తబడి, కూలిపోతుంది. పురుగున్న మట్టలను బండిలో తెచ్చి, పురుగులేని జెముడు పొదల డొంకలో కట్టి రావాలి. మిగతా పని గాలి చూసుకుంటుంది.

మీ ఊరికి కూడా వచ్చాను. మొన్న కార్తీకంలో. ఇంటికి తాళం ఉంది. మర్రిగూడలో మీ ఆడబిడ్డ కాన్పుకు పోయావని చెప్పారు. మీ ఇంటి వెనక, కూలిన బురుజు చుట్టూ ఉన్న జెముడు డొంకలో ఒక్కపూటలో నలభై మట్టలు కట్టి పోయాను. మేకల నోళ్లలో ముండ్లు తీసి తీసి నీ వేళ్లు ఎట్లా ఉంటాయో నేను చూశాను కదా. వచ్చే వానాకాలానికి అక్కడ ఒక్క ముల్లు కూడా ఉండదు.

బావ షోలాపూరు మిల్లు నుంచి ఉత్తరం రాశాడా? చిరునామా పంపు.

నీ తమ్ముడు
ఐలేశం


రేగులబండ, తిరుమలగిరి దగ్గర
ఫిబ్రవరి 8

తమ్మీ ఐలేశం,

నీ ఉత్తరం అందింది. నాలుగు నెలలు ఒక్క పని మీద ఉన్నవంటే అండాలమ్మ నమ్మలే. "వీని పేరు మీద ఇంకెవడన్న రాసిండేమో సూడు" అన్నది. (అనలేదు. – అండాలు) అన్నది తమ్మీ. రాసేటామె గద, ఆమెకు నచ్చినట్టు రాసుకుంటది.

మేకలు బాగున్నయి. రెండు ఈనినయి. ఊళ్లె దొర గడిల మిల్ట్రీ క్యాంపు పెట్టిండ్రు. బాయికాడికి పోయినా ఎటు పోతానవు, ఎవ్వనికి సద్ది పట్టుకపోతానవు అని అడుగుతాండ్రు. నేను మేకలెంబడి పోత, మేకలెంబడి వస్త. అంతే.

గా పురుగు సంగతి. బురుజుకాడ మట్టలకు తెల్లగ బూజు లెక్క పట్టింది, ఏ రోగమో అనుకున్న. నువ్వు పెట్టినవని ఇప్పుడు తెల్సింది. దాన్ని తియ్యరాదా? నిన్ను ఎవ్వరడిగిండ్రు? మేకలకు ముల్లు గుచ్చితే నేను తీసుకుంట, నా ఏళ్లు నాయి. డొంక ఉంటే ఇంటెన్క గాలి ఆపుతది. ఎండకాలం పండ్లు కాస్తది. ఒక్కపూట వచ్చి నీ పురుగులను ఏరి పారేసి పో. ఎన్ని దినాలల్ల తింటది అది డొంకంత? తొందర తినదు గద? జర ఎంటనే రాయి.

మీ బావ బాగనే ఉన్నడంట. చిరునామా లేదు. మిల్లులు మారుతడంట. గా సంగతి మళ్ల అడగకు.

అక్క
గుర్వమ్మ

(గుర్వమ్మ రెండు దినాల సంది బువ్వ సరిగ తింటలేదు. ఇది నేనే రాసిన, ఆమెకు సదివి వినిపియ్యలే. – అండాలు)


పాలమూరు
మార్చి 2

అక్కా,

పురుగును ఏరడం ఎవరి తరం కాదు. పిల్లలు ఆవగింజంత కూడా ఉండవు. గాలికి లేచి పక్క మట్ట మీద వాలుతాయి. ఒకసారి పట్టిందంటే పట్టినట్టే. చలికాలం నెమ్మదిగా తింటుంది. ఎండ ముదిరితే వేగంగా తింటుంది. మీ డొంకకు జూన్, జూలై దాకా ఆయుష్షు ఉంటుంది.

సంఘం సభ అని మమ్మల్ని పాలమూరు పిలిపించారు. నేను తలుపు దగ్గర నిలబడి విన్నాను. ఒక రైతు లేచి, "గరికను మించిన దుష్మన్ లేదు" అన్నాడు. ఇంకొకాయన, "తుంగను సూసినవా? పాతాళం దాక తవ్వినా ఇంకో గడ్డ ఉంటది" అన్నాడు. "నీ చేన్ల తుంగ ఉంటే తుంగది తప్పు కాదు, నీ గుంటుకది" అన్నాడు మొదటాయన. కొట్టుకుంటారేమో అనుకున్నాను. పంతులు ఇద్దరికీ మజ్జిగ ఇప్పించాడు.

తర్వాత ఒక మిల్ట్రీ ఆఫీసరు వచ్చాడు. చిన్న వయసు, చాలా మర్యాదగా మాట్లాడాడు. నల్లగొండ జిల్లాలో తుపాకులు పట్టినవాళ్లు జెముడు డొంకల్లో దాక్కుంటున్నారట. మీ పురుగు మా పని కూడా చేస్తున్నది, ఏ ఊరి డొంక ఎంత ఎండిందో ప్రతి నెలా మాకు కూడా ఒక కాగితం పంపండి అన్నాడు. "నా కాగితాలు మొక్కల కోసం" అని పంతులు గొణిగాడు గానీ కాదనలేకపోయాడు. మీ ఊరి కాగితం రాయాల్సింది నేనే. అందరూ చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను. మధ్యలో నీ ఉత్తరం గుర్తొచ్చి నా చేతులు ఆగిపోయాయి.

అక్కా, డొంక గాలి ఆపుతుందని రాశావు. మీ ఇంటికి గాలి వచ్చేది పడమటి నుంచి. డొంక తూర్పున ఉంది.

ఏమైంది?

ఐలేశం


రేగులబండ
మార్చి 19

తమ్మీ,

ఇది టపాల వేస్తలేను. గొర్ల బేరగాడు మారయ్య చేతికిచ్చి పంపుతాన. సదివినంక పొయ్యిల ఎయ్యి.

మీ బావ షోలాపూరు పోలే. ఎన్నడు పోలే. దళంల ఉన్నడు. నువ్వు వచ్చి పోయిన నెలకు, వాగుకాడ తూటా తాకింది. తొడ బొక్క విరిగింది. ఎంబడున్నోళ్లు ఎత్తుకొచ్చి బురుజు డొంకల పండబెట్టి పోయిండ్రు. ఆ ఎంబడున్నోళ్లు ఇప్పుడు లేరు. నక్కలు తిరిగే సందు ఉంటది గద, దాంట్లకెళ్లి పాకితే లోపల ఒక మంచం పట్టేంత జాగా ఉంది. మూడు నెలలాయె. నేను మేకలను గటు తోలి, అంబలి ముంత సందుల పెట్టి వస్త. సిపాయి గడి బురుజెక్కితే డొంక అవుపడుతది. డొంకల మనిషి అవుపడడు. ఇప్పటిదాక.

మట్టలు నెత్తి మీదికెళ్లి రాలుతున్నయంట. ఆకాశం అవుపడుతాందంట. నీ సంగతి చెప్తే నవ్విండు. "ఇన్ని పనులు సగంల ఇడిసిపెట్టిండు గద నీ తమ్ముడు, గీ ఒక్కటి గూడ సగంల ఇడిసిపెడితే ఏం పోయేది?" అన్నడు. నవ్వితే కాలు నొస్తదని మళ్ల నన్నే తిట్టిండు.

నాకు నవ్వు వస్తలేదు తమ్మీ. లేపి నడిపిద్దామంటే కాలు మీద బరువు పెడితే మూర్ఛ వస్తాంది. దవాఖానకు పోదామంటే దవాఖాన ముంగట వాళ్లే ఉన్నరు. ఇంట్లకు తెద్దామంటే నెలల రెండుసార్లు ఇల్లు వెతుకుతాండ్రు, గాబుల గూడ కట్టె పెట్టి సూస్తరు. ఉన్నది గా ముండ్ల కప్పే. దాన్ని నిలుపు. ఎట్లనన్న నిలుపు.

గుర్వమ్మ

(రాసే చెయ్యి నాది. దొరికితే నన్నే ముందు పట్టుకుంటరు. అయినా రాస్తున్న. – అండాలు)


అచ్చంపేట
ఏప్రిల్ 4

అక్కా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివి పొయ్యిలో వేశాను. నా చేతులతో ఆ మట్టలు కట్టాను. ఒక్కొక్కటి ఎక్కడ కట్టానో నాకు గుర్తుంది. కళ్లు మూస్తే అవే కనబడుతున్నాయి.

పంతులును అడిగాను. "పంతులూ, పురుగు చావాలంటే ఏం చెయ్యాలె?" అన్నాను.

"జెముడు చావాలంటేనా?"

"కాదు. పురుగే."

కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి చూశాడు. "ఎవరికి కావాలె?" అన్నాడు.

"నాకే. ఊరికే."

"ఊరికే అడిగేటోనికే సదువు వస్తది పోచయ్యా, కూసో" అని సంతోషంగా గంటసేపు చెప్పాడు. జోరుగా వాన కొడితే పురుగు కొట్టుకుపోతుంది. ఆ వాన ఇంకా రెండు నెలల దూరంలో ఉంది. రెండోది అక్షింతల పురుగు. ఎర్రగా, నల్ల చుక్కలతో, పిల్లలు చేతి మీద పాకించుకుని ఆడుకునేది. అది ఈ తెల్ల పురుగును తింటుందట.

నాలుగు రోజులు వంగతోటల్లో తిరిగి ఏరాను. తోటవాళ్లు నాకు పిచ్చి పట్టిందనుకున్నారు. మారయ్య చేతికి రెండు వెదురు బొంగులు ఇచ్చాను. మూతికి గుడ్డ కట్టి ఉంటుంది. డొంకలో విప్పు.

నెల కాగితంలో మీ ఊరి ఎదురుగా "పురుగు పట్టలేదు" అని రాశాను. ఎండినది ఎంత అన్న చోట "ఏమీ లేదు" అని రాశాను. క్యాంపుకు పోయే కాగితంలో కూడా అదే ఉంటుంది. వాళ్లు దూరి వెతికేది ఎండి పలచబడ్డ డొంకలనే, ఎండని దాని వైపు చూడరు.

ఆఫీసు ముందు బూట్ల చప్పుడు అయితే వెనక తలుపు వైపు చూస్తున్నాను. ఉత్తరం పుస్తకంలో ఉన్నట్టు రాయడం కూడా వస్తలేదు.

బావకు చెప్పు. ఏం చెప్పాలో నాకు తెలియదు. చెప్పు.

ఐలేశం


రేగులబండ
మే 11

తమ్మీ,

నీ అక్షింతల పురుగులను మీ బావ సొంతంగ విప్పిండు. ఒక గడియ మట్టల మీద తిరిగినయంట. పెండ్లికొచ్చిన సుట్టాల లెక్క అటు ఇటు సూసి, ఏం నచ్చలేదో, లేచి పుల్లమ్మ మిరపతోటకు పోయినయి. ఐదారే మిగిలినయి. ఐదారు ఏం తింటయి? ఎండలు మండుతున్నయి. తెల్ల పురుగు ఇంతకు ఇంతయితాంది.

మొన్న మేకలను తోలుకపోతుంటే బాట మీదికెళ్లి మీ బావ గొంగడి అవుపడింది. నల్లగ, చారెడంత. అప్పుడే ఇద్దరు సిపాయిలు సైకిళ్ల మీద వస్తాండ్రు. నేను ఒక మేకను పట్టుకుని అమ్మో అయ్యో అని ఏడిసిన. "క్యా హువా?" అన్నడు ఒకడు. "ముల్లు దిగింది సాబ్, సావుకొచ్చింది" అన్న. వాళ్లు మేకను సూసుకుంట పోయిండ్రు. మేక నన్ను సూసింది. దానికేం కాలే.

అప్పటి సంది తుమ్మకంప నరికి, పొయ్యిల కట్టెల కోసమన్నట్టు మోసుకొచ్చి, సందులు కప్పుతాన. ఎంత కప్పినా తెల్లారి ఇంకో సందు పడుతాంది. 

మీ బావ ఇప్పుడు కూసుంటున్నడు. బురుజు గోడ పట్టి రెండడుగులు ఏసిండంట. ఇంక రెండు నెలలయితే నడుస్తనంటున్నడు. నీ డొంకకు రెండు నెలలు లేవు.

నువ్వు రాసిన కాగితం మంచిగ పని చేసింది. క్యాంపోళ్లు పక్కూరి డొంకలు ఎతికిండ్రు, ఈడికి రాలే. ఇంక గట్లనే రాయి.

గుర్వమ్మ


అచ్చంపేట
జూన్ 8

అక్కా,

కొంప ముంచాను. తప్పంతా నాదే.

రెండో నెల కూడా "పట్టలేదు" అని రాశాను. మూడో నెల కాగితం పంతులు చేతికి పోయింది. ఆయన లేచి నిలబడ్డాడు. "ఇరవై ఆరు ఊళ్లల్ల పట్టింది, ఒక్క రేగులబండల పట్టలేదా?" అన్నాడు. "పోచయ్యా, గది ఏదో కొత్త జాతి జెముడు! నేను సూడాలె!" అన్నాడు. ముప్పై ఏండ్లు తగ్గినట్టు మొహం వెలిగిపోయింది. "కొంచెం పట్టింది" అని రాసి ఉంటే ఆ ఇరవై ఆరు ఊళ్లలో కలిసిపోయేది. ఎవరూ రెండోసారి చదివేవాళ్లు కాదు. నేను వింత రాశాను. ఈయన బతికేది వింతల కోసమే.

నాలుగు బండ్ల కొత్త మట్టలు ఆరు రోజుల కిందనే బయలుదేరాయి, నాకు నిన్ననే తెలిసింది. డొంకలోకి పోవడానికి క్యాంపు అనుమతి తీసుకున్నాడు. తోడు సిపాయిలను కూడా ఇస్తున్నారు. నన్ను రావద్దన్నాడు. "నువ్వు మట్టలు సరిగ కట్టలేవేమో, ఈసారి నేనే కడత" అన్నాడు. ఆయన రేపు పొద్దున బస్సెక్కుతాడు.

ఎక్కేముందు నేను ఆయనకు అంతా చెప్పేస్తాను. ఇంకో దారి కనబడలేదు. పోయి చూస్తే ఎట్లాగూ తెలుస్తుంది. సిపాయిల ముందు తెలిసేకంటే నా నోటితో తెలిసినా మేలు. ఆయన మంచివాడో కాదో నాకు తెలియదక్కా. మొక్కల సంగతిలో మంచివాడు. మనుషుల సంగతి ఆయన మాట్లాడగా నేను ఎప్పుడూ వినలేదు. పోలీసుకు చెప్తే బావతో పాటు నువ్వూ, నేనూ, అండాలమ్మ కూడా పోతాము. వద్దని నువ్వు చెప్పినా నాకు అందే వ్యవధి లేదు.

మారయ్య ఈరోజే బయలుదేరుతున్నాడు. లారీ దొరికితే పంతులుకన్నా ముందు చేరుతాడు. వీలైతే బావను కదిలించు. పాకించైనా కదిలించు.

ఐలేశం


రేగులబండ
జూన్ 17

తమ్మీ,

మారయ్యకు లారీ దొరకలే. నీ ఉత్తరం ఒక దినం ఎన్క అందింది. నువ్వు పంతులుకు చెప్పిన సంగతి తెల్వకనే నేను గా దినమంత ఎల్లదీసిన.

పొద్దుగల్ల మీ పంతులు ముసలాయన వచ్చిండు. ఎంబడి జమేదారు, ఇద్దరు సిపాయిలు. ఊరి జనం అంత పోగయిండ్రు. నేను మేకలకు కొమ్మలు కోస్తున్నట్టు కొడవలి పట్టుకుని డొంక పక్కకు నిలబడ్డ. ఏం చేద్దామనుకున్ననో నాకే తెల్వదు. ముసలాయన మెడ దిక్కే సూసిన. దేవుడు నన్ను మన్నించాలె.

మట్టలను ముట్టి సూసిండు. తెల్ల పురుగు గింతగింత మందం ఉంది, గుడ్డోనికి గూడ అవుపడుతది. టోపీ తీసి సిపాయి చేతికిచ్చి, మోకాళ్ల మీద వంగి, నక్క సందుల దూరిండు. జమేదారు "పంతుల్‌జీ, సాంప్ హోగా" అని, పాముంటదని ఒర్రిండు. ముసలాయన ఇనలే. పది మేకలను పిండినంత సేపు లోపలున్నడు. నా చేతుల కొడవలి జారుతాంది, మళ్ల పట్టుకుంటాన.

బయటికొచ్చిండు. అంగీ సినిగింది, చెంప మీద ముల్లు గీరింది. "క్యా హై అందర్?" అన్నడు జమేదారు.

"పురుగున్నది. ఇట్ల తినే పురుగును నేను ఎన్నడు సూడలే" అన్నడు. "ఈడ మా సంఘం పరీక్ష పెడుతాంది. కొత్త మట్టలొద్దు, ఎవ్వరు నరుకొద్దు, ఎవ్వరు లోపలికి పోవద్దు. మీ బూట్లకు పురుగంటుకుని పోతె నా ఏడాది కష్టం మట్టిల కలుస్తది."

జమేదారు నవ్విండు. "బుడ్డా పాగల్ హై", ముసలోనికి పిచ్చి అని సిపాయిలకు చెప్పిండు. నాలుగు మూలల గుంజలు పాతి, తాడు కట్టి, సంఘం మొహరేసిన బోర్డు పెట్టిండ్రు. తెచ్చిన మట్టలను బండ్లోళ్లు వాగుల పారబోసిండ్రు. సిపాయి టోపీ తెచ్చిస్తే పెట్టుకుని, పోయేటప్పుడు నా పక్కపొంటి నడిసిండు. నా మొహం దిక్కు సూడలే. "అమ్మా, మా పిలగాని పేరు పోచయ్య కాదంట గద. ఐలేశమంట" అన్నడు. పోయిండు.

కొడవలి ఆడనే పడేసి ఇంటికొచ్చిన తమ్మీ. అండాలమ్మ తెచ్చిచ్చింది.

లోపల ఏం జరిగిందో మీ బావ తర్వాత చెప్పిండు. ఇద్దరి మొహాలు మూరెడు దూరంల ఉన్నయంట. మీ బావ చేతుల కత్తి ఉంది. ముసలాయన కాలును సూసిండంట, నెత్తి మీది మట్టలను సూసిండంట. "గివి నెల కన్న ఎక్కువ నిలువయి. నెలల నడుస్తవా?" అన్నడంట. "నడుస్త" అన్నడంట మీ బావ. "నడువు" అన్నడంట.

గుర్వమ్మ


అచ్చంపేట
జూలై 1

అక్కా,

పంతులు తిరిగి వచ్చాడు. ఆ సంగతి ఎత్తలేదు. నేను బస్సు దగ్గర కాళ్లు పట్టుకుని చెప్పినప్పుడు కూడా అంతే. కాళ్లు వెనక్కి లాక్కుని బస్సెక్కాడు. ఆయన తిరిగొచ్చేదాకా ఎనిమిది రోజులు నేను ఏం తిన్నానో, ఎక్కడ పడుకున్నానో గుర్తు లేదు.

ఈ నెల కాగితం మీద రేగులబండ వరుస నన్ను రాయనియ్యలేదు. తానే "పరీక్షలో ఉన్నది" అని రాసి సంతకం పెట్టాడు. పెట్టాక కలం చాలాసేపు కిందపెట్టలేదు. ముప్పై ఏండ్లలో ఆయన రాసిన మొదటి అబద్ధం అదే అయి ఉంటుంది.

మొన్న ఆ మర్యాదగా మాట్లాడే ఆఫీసరు ఆఫీసుకు వచ్చాడు. బోర్డు ఎందుకని అడిగాడు. పంతులు పురుగు గుడ్డు దగ్గర మొదలుపెట్టాడు, గంటన్నరకు కూడా రెక్కల దాకా రాలేదు. ఆఫీసరు లేచిపోయాడు. పోతూ నా వైపు చూసి, "నీది ఏ ఊరు?" అన్నాడు. మా అమ్మగారి ఊరు చెప్పాను. రాసుకున్నాడు.

అప్పటి నుంచి ఎదురుగా చెట్టు కింద ఒక మనిషి కూర్చుంటున్నాడు. బీడీ తాగడు, ఎవరితో మాట్లాడడు. పారిపోవాలని ఉంది. నేను పోతే రేగులబండ కాగితాలు ఎవరైనా తీసి చూస్తారు. భయం ఒక్కటే నన్ను ఒక పని మీద ఇన్నాళ్లు కూర్చోబెట్టింది అక్కా.

ఈ ఏడు ఆలస్యమైన వానల సంగతి నీకు రాయమని పంతులు గోడతో అన్నట్టు అన్నాడు. ఇప్పుడు వాన పడితే పురుగు పోయినా లాభం లేదు. కుళ్లిన మట్టలు నీళ్ల బరువుకు ఒక్కసారే కూలుతాయి. మబ్బు పట్టకముందే బావ బయటపడాలి.

ఐలేశం


రేగులబండ
జూలై 27

తమ్మీ,

మీ బావ పోయిండు.

(తమ్ముడా, గుండె పట్టుకోకు. నడిసి పోయిండు. గిట్ల మొదలుపెట్టొద్దని చెప్పిన, ఇనలే. – అండాలు)

పట్టపగలు పోయిండు. పన్నెండు దినాలాయె. మారయ్య సంతకు గొర్లను తోలుకపోతుంటే మందల కలిసిండు. నెత్తి మీద గొంగడి, చేతుల కట్టె. ఇంటి ముంగటికెళ్లే పోయిండు, నా దిక్కు సూడలే. నేను సూసిన. ఎన్ని నెలలకో ఆయన ఒళ్లు ఎండల అవుపడింది. సగమయిండు. క్యాంపుకాడ సిపాయి ఆపి "లంగడా హై క్యా?" అని కుంటుడు సంగతి అడిగిండంట. మారయ్య, "ముల్లు దిగింది సాబ్, మా ఊరి ముండ్లు మీకు తెల్వదు" అన్నడంట. పొమ్మన్నడంట. మారయ్య దేవరకొండ బాట మీద ఇడిసిపెట్టిండు. ఆడికెళ్లి నీ దిక్కు అడివికి పోత అన్నడంట. నీ దాక రాడు. వచ్చినా నువ్వు గుర్తుపట్టకు.

ఆయన పోయిన ఐదోనాడు వాన కొట్టింది. తెల్లారి లేచి సూస్తే డొంక లేదు. తడిసిన గోడ లెక్క కూలింది, నీళ్లు నీళ్లయింది. సిపాయిలు బూట్లతోని తొక్కుకుంట లోపలికి పోయిండ్రు. అంబలి ముంత దొరికింది. గొంగడి పీలిక దొరికింది. నన్ను గడికి పట్టుకపోయి రెండు దినాలు ఎండల కూసోబెట్టిండ్రు. ముంత ఎవ్వలదన్నరు. నాదే, మేకలకాడ నీళ్లు తాగుత, ఆడ మరిసిన అన్న. ఎన్నిసార్లు అడిగినా గదే అన్న. అండాలమ్మ, సుక్కమ్మ, ఇంక పదిమంది ఆడోళ్లు వచ్చి గడి ముంగట కూసున్నరు. ఇడిసిపెట్టిండ్రు. కని జమేదారు, "బోర్డు పెట్టిన బుడ్డను గూడ అడుగుతం" అన్నడు. పంతులుకు చెప్పు. ఇయ్యాల్నే చెప్పు. ఆయనను ఎటన్న పొమ్మను. నువ్వు గూడ ఆడ ఉండకు.

మీ బావ ఏడున్నడో ఎవ్వరికి తెల్వదు. బతికున్నడనే అనుకుంటాన.

ఇప్పుడు ఇంటెన్క ఏం లేదు తమ్మీ. గుమ్మంల కూసుంటే తిరుమలగిరి బాట దాక కంటికి అడ్డం లేదు. గొర్రె వచ్చినా తెలుస్తది, కుక్క వచ్చినా తెలుస్తది. ఆయన ఎన్నడన్న ఇటు వస్తే అందరికన్న ముందు నేనే సూస్త అని పొద్దంత గటే సూసుకుంట కూసుంటాన. గడి బురుజు మీద ఇద్దరు సిపాయిలు గూడ గటే సూసుకుంట కూసున్నరు.

గుర్వమ్మ